తుపాను గొంతు

నవంబర్ 3, సోమవారం
మా ధనశ్రీ బడి ట్యాబ్ ఇంటికి తెచ్చింది. ఎనిమిదో తరగతి. సొంత బొమ్మలతో, సొంత శబ్దాలతో ఒక్కొక్కరూ ఒక సినిమా తియ్యాలని అనూరాధ టీచరు చెప్పిందట. పద్నాలుగున, పిల్లల పండగనాడు, బడిలో పెద్ద స్క్రీన్ మీద వేస్తారట. గచ్చు మీద వాళ్ళమ్మ నీలం చీర పరిచింది. కాగితం పడవని వేలెడు జరపడం, ఫోటో తియ్యడం. మళ్ళీ జరపడం, మళ్ళీ ఫోటో. ఏమిటే అంటే సముద్రం అంది. నిన్న ఆదివారమే, ప్రార్థనలో దేవుడి వాక్యం చెబుతూ మైకులో అరిచాను, ఈ ఫోన్ల అద్దంలో సాతాను కాపురముంటాడని. నా ఇంట్లోకే వచ్చి కూచున్నాడు.

నవంబర్ 5, సాయంత్రం
ట్యాబ్‌లో నా గొంతు! జాలరిపేట ఒడ్డున నేను చెప్పిన వాక్యం చాటుగా రికార్డ్ చేసిందట. ఎందుకే అంటే, నీది పెద్ద వేషం నాన్నా అంది. ఇంకేం చెప్పలేదు. నీళ్ళ మీద పడవ, పడవలో ఒక్కత్తే పిల్ల. ఆ నీళ్ళ మీద పెద్ద గొంతుతో మాట్లాడేది ఎవరు? వేరే చెప్పాలా. దేవుడే. బైబిల్లో గాడిద నోట పలికినవాడు ట్యాబ్‌లో పలకలేడా? నా ప్రార్థనకొచ్చే నలభై మందికీ చెప్పేశాను, పద్నాలుగున బడికి రండని. వలలు కుట్టే గవర్రాజు మాత్రం, దేవుడికి డబ్బింగ్ సెప్తన్నావేటి బావా అని నవ్వాడు. నవ్వనీ.

నవంబర్ 10
ఆగలేక బడికి వెళ్ళాను. రిహార్సల్.

నేను తుపానుని.

మారుమనస్సు పొందండి అని నా గొంతు లేస్తే చీర లేస్తుంది. ఇప్పుడే, ఇప్పుడే అంటే పడవ బోల్తా. పిల్లలు ఈలలు. ట్యాబ్‌లో గాలి శబ్దాలు పన్నెండున్నాయట. అన్నీ విని, మా నాన్నంత గాలి ఏదీ లేదు టీచర్ అందట మా పిల్ల. టీచరు మెచ్చుకుంటూనే చెప్పింది. నా గొంతు తీసెయ్యి అన్నాను, అందరి ముందూ.

తీసేసింది.

నవంబర్ 11
నీలం చీర మడిచి వాళ్ళమ్మకి ఇచ్చేసింది ధనశ్రీ.

నవంబర్ 12
టీచరు ఫోను. ధనశ్రీ పేరు కొట్టించేసుకుందట. సినిమా వెయ్యదట. అన్నం దగ్గర నా భార్యని అడిగాను, నా గొంతు అంత భయంగా ఉంటుందా అని. సూర్యకళ ఎప్పుడూ ఎదురు చెప్పదు. నువ్వు మైకు తీత్తే సిన్నప్పుడు పిల్ల మంచం కిందకి దూరేది, గాలి అన్నాది, అది మేలే, నానైతే ఇంకేటో అందును అంది. చేప ముల్లు తీసుకుంటూ అంది. బైబిలు తెరిచాను. ఏ పేజీలోనూ నిలవలేకపోయాను.

నవంబర్ 13
ధనశ్రీని పేరు మళ్ళీ ఇమ్మన్నాను, నా గొంతు మళ్ళీ పెట్టమన్నాను. చెరిపింది రాదు, మళ్ళీ అరవాలి అంది. ట్యాబ్ నా నోటి ముందు పెట్టి, నా మొహంకేసి చూస్తూ కూచుంది. మైకు లేకుండానే రేవు దాకా వినిపించే గొంతు నాది. రాలేదు. తొమ్మిదిసార్లు రికార్డ్ చేసింది. ఇంత నెమ్మదిగా అంటే పడవ మునగదు నాన్నా అంది. నవ్విందేమో. నేను తలెత్తలేదు.

నవంబర్ 14
నలభై మందీ వచ్చారు. ఫోటోలు కొన్ని వెనక నుంచి ముందుకు పేర్చిందట. నా గొంతు సన్నగా వినిపిస్తుంటే, బోల్తా పడ్డ పడవ మెల్లగా లేచి నిలబడింది. ఇందులో దేవుడేడి బావా అని గవర్రాజు అడిగాడు.

తెలీదన్నాను.