సగం బొగ్గు, సగం గడ్డి

ప్రియమైన అన్నయ్యా,

ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు. కథలు వద్దు. బొగ్గు, ఎండుగడ్డి కలిపి డీజిల్ తీసే మన యంత్రం మళ్ళీ మొండికేసింది. గడ్డి తొట్టిలోంచి దిగట్లేదు, గొట్టంలో అడ్డం పడుతోంది. నువ్వు రిటైరయ్యే ముందు నడిపిన మొదటి విడత మూడు రోజులు ఆగకుండా ఎలా నడిచింది? సగం బొగ్గు, సగం గడ్డి అని నువ్వు చెప్పిందే నివేదికలో రాసి సంతకం పెట్టాను. సోమవారం పైవాళ్ళు కళ్ళారా చూస్తారట. నడవకపోతే ప్లాంటుకి తాళం.

విసిగిపోయిన నీ చెల్లి

ప్రియమైన చెల్లాయ్,

గడ్డి సంగతి కాబట్టి ముందు మా పైవాటాలో గడ్డి పరుపులు కుట్టే పరుపులాయన సంగతి చెప్పాలి. గడ్డిని కూరితే చాలదట, బతిమాలాలట. పాపం ఆయనకి మోకాలినొప్పి. మీ వదిన ఏదో తైలం చెప్పింది, అది రాసుకున్నాక రెండో మోకాలూ పట్టేసింది... సరే, తిట్టకు. బాగా ఆరబెట్టి, సన్నగా తరిగించు.

నీ మేలుకోరే అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా (అలవాటుకొద్దీ రాశాను),

ఆరబెట్టాం. పొడి కొట్టించాం. కొత్త కాటా మీద తూచి మరీ పోశాం. గంటకే బిగుసుకుంది. మెకానిక్ ఏమో "మీ అన్నయ్యగారిది హస్తవాసి మేడమ్!" అంటాడు. ఒళ్ళు మండిపోయింది. పరుపులాయన మోకాళ్ళు నాకెందుకు?

నీ చెల్లి

చెల్లాయ్,

'తూచి' అన్న మాట దగ్గర నా కళ్ళద్దాలు ఆగిపోయాయి. ఆ మొదటి విడతప్పుడు కాటా పాడైంది. గంప బొగ్గు, గంప గడ్డి పోయించాను. సగం సగమే కదా అనుకున్నాను. నిన్న అలాంటి గంపలతోనే ఇక్కడ రెండూ తూచి చూశాను. గంప బొగ్గు ఇరవై కిలోలు, గంప గడ్డి రెండు. అంటే గడ్డి పదకొండో వంతు! హస్తవాసి కాదే, బుద్ధిలేనితనం. బడి మొహం చూడకుండా పుస్తకాలు మింగిన నాలాంటివాణ్ణి నమ్మడం నీ తప్పేనని రెండు కాగితాలు రాసి చించేశాను. సోమవారం పొద్దున్నే గేటు దగ్గరుంటా. తప్పు నాదని నేనే చెప్తా. నువ్వు మధ్యలో దూరకు.

తలెత్తుకోలేని నీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

రావద్దు, అయిపోయింది. పైవాళ్ళు శనివారమే దిగారు. నీ ఉత్తరం వాళ్ళ ముందు పెట్టి, నివేదికలో నా సంతకం నేనే కొట్టేశాను. ఇన్‌చార్జి కుర్చీ పోయింది, ప్లాంటు మిగిలింది. పదకొండో వంతుతో మొదలుపెట్టి, కిలో కిలో పెంచుతూ, గడ్డి ఎంతవరకు దిగుతుందో నిజం తేల్చమన్నారు. తొట్టి దగ్గర నన్నే నిలబెట్టారు. పోసేవాడు ఒకడు కావాలి. బుధవారం వచ్చెయ్. గంపలు మాత్రం తేకు.

నీ చెల్లి