పదిహేను గోవిందన్నలు

3 జూన్ 2024, ఎమ్మిగనూరు
ఆదోని ఆసుపత్రి నుంచి ఫోన్. నేను ఇరవై ఆరేళ్లు పనిచేసిన స్టెరిలైజేషన్ గదికి ఇప్పుడు హేమ ఇన్‌ఛార్జి. పనిలో దండగను తీసేసే ‘లీన్’ పద్ధతి పెట్టారట, వచ్చి చూడు గోవిందన్నా అంది. రిటైరైన తొమ్మిదేళ్లకు గుర్తొచ్చాను. జపాన్ కార్ల ఫ్యాక్టరీల్లో పుట్టిన ఈ పద్ధతి గురించి ఆ డాక్టర్లందరికంటే ముందే చదివినవాణ్ణి. పోను.

4 జూన్, ఉదయం
పోతాను. ప్రేమ్ కుమార్ నోట సారమ్మ పేరు చెప్పించడానికి పోతాను.

4 జూన్, మధ్యాహ్నం
సారమ్మ మా థియేటర్ నర్సు. 2006లో హెర్నియా ఆపరేషన్ సెట్టులో ముప్పై నాలుగు పనిముట్లు ఉండేవి. ఏవి వాడకుండా తిరిగొస్తున్నాయో నెలరోజులు గీతలు గీసి చూసింది. ఇరవై చాలంది. మిగతావి ఊరికే కడుగుతున్నాం, వాటితోనే ఆవిరి పట్టే ఆటోక్లేవ్ నిండి తర్వాతి సెట్టు ఆగుతోంది, టేబుల్ మీద మనిషి కాచుకుంటున్నాడు అంది. సర్జన్ ప్రేమ్ కుమార్, రేపు కత్తి కూడా వద్దంటావేమో అన్నాడు. అందరూ నవ్వారు. ఆమెను వార్డుకు మార్చారు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం వదిలి తుగ్గలి వెళ్లిపోయింది. ఆమె లేని గదిలో తొమ్మిదేళ్లు ఆవిరి చప్పుడు వింటూ కూర్చున్నాను.

11 జూన్
పోయాను. నేల మీద ఎర్ర గీత. ఇటు మురికివి, అటు శుభ్రమైనవి. హెర్నియా సెట్టుకు పంతొమ్మిదే. నాలుగు గంటలు పట్టే పని రెండున్నర గంటల్లోనే అవుతోందట. ప్రేమ్ కుమార్ కూడా వచ్చాడు. నేను నోరు తెరిచేలోగా కొత్త ఆయా చౌడమ్మ, నేనెవరో తెలియక, తీసేసిన పదిహేనింటి ట్రే ఎత్తి, ఈ గోవిందన్నల్ని యాడ పెట్టేది మేడమ్ అని అడిగింది. హేమ తల దించుకుంది. ప్రేమ్ కుమారే విప్పి చెప్పాడు. వాడకపోయినా సెట్టులో పడుండేదాన్ని ఈ గదిలో గోవిందన్న అంటారట. ఆ పొద్దు ‘ఉండనీలే సారమ్మా, ఏమయితాది’ అనింది నువ్వే గదప్పా అన్నాడు.

12 జూన్
అన్నాను. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

15 జూన్
మళ్లీ హేమ ఫోన్. సారమ్మక్కను ఎట్లయినా పిల్సుకోని రా అన్నా, ఆమె పేరు గోడ మీద రాపిస్తాను అంది. ఇన్నేళ్లకు వెళ్లడానికి ఒక కారణం దొరికింది.

18 జూన్, తుగ్గలి
సారమ్మ వాకిట్లో విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. జుట్టంతా నెరిసింది. తప్పు నాదే అన్నాను. ఆ మాట వినిపించుకోలేదు. ఇప్పుడు ఎన్ని పెడతాండారన్నా అని అడిగింది. పంతొమ్మిది అన్నాను. నేను ఇరవై అంటినే, ఆ ఒకటి యాడ తగ్గిచ్చినారబ్బా అంటూ గాలిలోనే ట్రే సర్దింది. బలే సేసినారు అని నవ్వింది. నాతో రమ్మన్నాను. నేను రానన్నా, నువ్వు నీళ్లు తాగి పో అంది.

18 జూన్, బస్సు
ఆస్పరి దాకా, సారమ్మ కూర్చుంటుందనుకున్న పక్క సీట్లో సంచి పెట్టి ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆ తర్వాత సంచి ఒళ్లోకి తీసుకున్నాను.