పెద్దమ్మ టమాటాలు, బుజ్జి నెమళ్ళు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవెనలు.

నువ్వక్కడ కొండ మీద అడవి నెమళ్ళ గురించి పరిశోధన చేస్తున్నావని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ నెమళ్ళే ఇక్కడ నా కొంప ముంచుతున్నాయి! తెల్లారేసరికి దిగి, పండిన టమాటాలన్నీ పొడిచి పోతున్నాయి. వాటిని నీ కొండకి తోలుకుపోతావా, సరేసరి. లేదంటే ఈ నెలాఖరున గింజల్లో విషం కలిపి చల్లేస్తాను.

మీ పెద్దమ్మ

తా.క.: మీ పెదనాన్న తరమడానికి వెళ్ళి, నెమలి పురి విప్పితే చూస్తూ నిలబడిపోయాడు. ఆ మనిషి దేనికీ పనికిరాడు.

---

పెద్దమ్మకు నమస్కారాలు.

నీ కాళ్ళు పట్టుకుంటాను, విషం మాత్రం చల్లకు! ఇక్కడి నెమళ్ళు రేగుపళ్ళు, చెదపురుగులు, గడ్డి గింజలు తింటాయి. టమాటా జోలికి పోగా నేనెప్పుడూ చూడలేదు. నీ తోటలో పడుతున్నవి పందులేమో? నెమలి రెట్టలు కాస్త ఏరి పంపావంటే, అవి ఏం తిన్నాయో తేల్చేస్తాను.

నీ బుజ్జి

తా.క.: ఎండబెట్టి పంపు. ఒకాయన పచ్చివి పంపిన దగ్గర్నుంచి పోస్ట్‌మ్యాన్ మా గేటు బయటే నిలబడి కేకేస్తున్నాడు.

---

బుజ్జికి,

ఈసారికి దీవెనలు లేవు. నాకు నెమలికీ పందికీ తేడా తెలియదంటావా? పంట పోయి నేనేడుస్తుంటే రెట్టలు ఏరమంటావా? ఏరాను! ఇరుగుపొరుగు గోడలెక్కి చూస్తుంటే, నడుం పడిపోయేలా ఏరాను. వాటిలో టమాటా గింజలు లేకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఇట్లు,
పందిని చూసి నెమలి అనుకునే పెద్దమ్మ

తా.క.: బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. డబ్బా తిరిగి పంపు. కడిగి.

---

పెద్దమ్మా,

లెంపలేసుకుంటూ రాస్తున్నాను. గింజలున్నాయి. కానీ ఇంకా విను! మిడత కాళ్ళు, గొంగళిపురుగు తలలు, చిట్టెలుక ఎముక, పాము పొలుసులు కూడా ఉన్నాయి! మా కొండ మీద పళ్ళూ చెదలూ, చెరువు గట్టున కప్పలూ లేత గడ్డీ, నీ దగ్గర టమాటాలూ. ఎక్కడ ఏది దొరికితే అది తిని బతికేస్తోంది ఆ పక్షి. భూతద్దంలో చూస్తుంటే నాకు ఒళ్ళు పులకరించిపోయింది. విషం చల్లే ముందు ఒక్క పొద్దున కూర్చుని వాటిని చూడవూ?

నీ బుజ్జి

తా.క.: బిస్కెట్లనుకుని ముందు మా పెద్దసారు తెరిచారు. ఆయన ఇప్పుడు టీ ఒక్కటే తాగుతున్నారు.

---

నా బంగారు తల్లికి,

పాము అనేసరికి నా గుండె ఆగినంత పనైంది. నెలాఖరు రోజు పొద్దున్నే ఒక చేత్తో విషం కలిపిన గింజలు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని పంపు గది మెట్టు మీద కూర్చున్నాను. ఆడనెమలి పిల్లలతో దిగింది. మిడతల్ని ముక్కుతో చూపించి చూపించి తినిపిస్తోంది. ఇంతలో నా కాళ్ళ దగ్గరే పాము! మగనెమలి ఒక్క ఉరుకున వచ్చిందే తల్లీ. పొడవడం, తప్పుకోవడం, మళ్ళీ పొడవడం. పాము చచ్చేదాకా వదల్లేదు. అంత అందమైనదానికి అంత తెగువేమిటే! తర్వాత ఏమీ ఎరగనట్టు వెళ్ళి నా టమాటా పొడుచుకుంది. తిను నాయనా, తిను అన్నాను. ఆ విషపు గింజలు గొయ్యి తీసి పాతేశాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఆ తర్వాత ఒక్క నెమలీ ఇటు రావడం లేదు. టమాటాలు అలాగే పండి రాలిపోతున్నాయి. నాకు ముద్ద దిగడం లేదు. నీ కొండ మీద రేగుపళ్ళు పండాయి కదూ? ఆ రుచి మరిగించి నా నెమళ్ళని లాక్కున్నది నువ్వే! మర్యాదగా వెనక్కి తోలు.

నీ పెద్దమ్మ

తా.క.: పిలిస్తే వస్తాయేమోనని మీ పెదనాన్న పొద్దున్నే తోటలో నిలబడి నెమలిలా అరుస్తున్నాడు. ఆయన గొంతు చాలడం లేదని నిన్నటి నుంచి నేనూ అరుస్తున్నాను.