వెనక పోసిన నీళ్ళు

పుణె
మార్చి నెలాఖరు, 1975

ప్రియమైన ఇస్మత్ అక్కకి,

మన కొత్త సంవత్సరపు ముద్దులు. నువ్వు పంపిన బాదం మిఠాయి దారిలోనే నలిగి పిండైపోయింది. అయినా వదల్లేదు, నేనూ అంబూతాయీ చెంచాలతో తిన్నాం. ఇంటి యజమానురాలు కాబట్టి పెద్ద వాటా తనదేనట.

వచ్చే నెల పరీక్షలు, జూన్‌లో ఇంటికి ఓడ. నాలుగేళ్ళు ఇట్టే గడిచాయని రాస్తే నువ్వు నవ్వుతావు. మొదటి ఏడాది ప్రతి ఉత్తరంలోనూ వచ్చేస్తానని ఏడ్చింది నేనే కదా. అప్పుడు ఈ ఊరంటే ఒళ్ళు మంట. మధ్యాహ్నమైతే కొట్లన్నీ మూసి ఊరంతా గుర్రుపెడుతుంది, సబ్బుబిళ్ళ కావాలన్నా సాయంత్రం దాకా ఆగాలి. ఇప్పుడు ఆ వేళకి నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. రోజూ సైకిలెక్కి ఒక్కో వీధికీ వెళ్ళొస్తానని చెప్పుకుంటున్నాను. పిచ్చి ముదిరిందనుకో.

మొన్న అంబూతాయికి మన ఇరానీ ఆచారం చెప్పాను. ప్రయాణమయ్యే మనిషి గడప దాటగానే వెనక నీళ్ళు పోస్తామనీ, పోస్తే ఆ మనిషి తప్పక తిరిగొస్తుందనీ. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఆవిడ అటక మీది రాగి చెంబు దింపి చింతపండుతో తోముతోంది.

"జూన్ దాకా మళ్ళీ నల్లబడదూ?" అన్నాను.

"పడితే మళ్ళీ తోముతా. నీకేం పోయింది?" అంది.

నీ ఫరంగీస్


యజ్ద్
ఏప్రిల్

ప్రియమైన ఫరీ,

ఆ చెంబు మళ్ళీ అటకెక్కించమని ఆవిడతో చెప్పు. నవ్వకు, నిజంగానే అంటున్నాను.

నువ్వు వెళ్ళిన రోజు నీ వెనక నీళ్ళు పోసింది నేను. చెంబెడు నీళ్ళు మట్టిపాలు చెయ్యాలంటే ఈ ఎడారి ఊళ్ళో ఆ మనిషంటే ఎంత ఇష్టం ఉండాలో నీకు తెలుసు. నువ్వు తిరిగొస్తున్నది ఆ నీళ్ళకే. ఇప్పుడు ఆవిడ అక్కడా పోసిందనుకో, నువ్విక్కడ నా ఎదురుగా కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంటావు. అలాంటి మనిషికి వండి పెట్టడం నా వల్ల కాదు.

నీ గదికి సున్నం వేయించాను. మగ్గాన్ని గోడ వారకి జరిపి నీ పుస్తకాలకి చోటు చేశాను. ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేవాళ్ళు లేరట, పెద్ద పంతులమ్మకి నీ పేరు చెప్పి మాటిచ్చేశాను. నిన్ను అడగలేదని అలగొద్దు. నీ నాలుగో ఏట నుంచీ నిన్ను అడక్కుండానే అన్నీ చేశాను, బాగానే పెరిగావు.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ అక్క
ఇస్మత్


పుణె
మే మొదటివారం

ప్రియమైన అక్కా,

చెప్పాను. అంబూతాయికి కోపం వచ్చింది. "మీ అక్కకి నా చెంబంటే అంత భయమా? నేనేం మంత్రగత్తెనా?" అని రెండు రోజులు పప్పులో ఉప్పు ఎక్కువేసింది. చివరికి నా తల మీద చెయ్యి వేసి ఒట్టేసింది, పొయ్యనని.

మన యజ్ద్ నుంచే వచ్చి ఇక్కడ టీ హోటలు పెట్టుకున్న ఖుదాదాద్ కాకాకి ఈ సంగతి చెబితే పడీ పడీ నవ్వాడు. "నా వెనకా మా అమ్మ పోసిందమ్మా. ఎప్పటి మాటో. నేను తిరిగి వెళ్ళలేదు, ఆ నీళ్ళూ ఇంకా ఆరలేదు" అన్నాడు. తర్వాత గల్లా సర్దుతూ చాలాసేపు తల ఎత్తలేదు. టీకి డబ్బులు తీసుకోలేదు.

పరీక్షలు బాగా రాశాను. మా కాలేజీ కేల్కర్ మేడం పిలిచి, నీళ్ళు తక్కువైనా బతికే మొక్కల మీద తనతో రెండేళ్ళు పనిచెయ్యమంది. ఎడారిలో పుట్టినదానివి, నీకంటే ఎవరికి తెలుస్తుందంది. కుదరదన్నాను. నువ్వక్కడ ఒంటరిగా మగ్గం ముందు కూర్చుంటే నేనిక్కడ మొక్కలు కొలుస్తూ కూర్చోనా? అయిపోయిన మాట, మళ్ళీ ఎత్తకు.

ఆ సాయంత్రం సైకిలు తోసుకుంటూ కొండ దాకా వెళ్ళాను. పై నుంచి దీపాలు వెలుగుతున్న ఊరంతా చూశాను. ఏడవలేదని రాద్దామనుకున్నాను. నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఏడ్చాను.

నీ ఫరీ


యజ్ద్
మే నెలాఖరు

నా బంగారు ఫరీ,

నీ ఉత్తరం మగ్గం మీదే పెట్టుకుని వారం రోజులు చదివాను. నేసిన అంచులో పూలు వంకరపోయాయి, విప్పి మళ్ళీ నేస్తున్నాను.

నేను షిరాజ్‌లో ఒక ఏడాది చదివానని నీకు తెలుసు. పంతులమ్మ చదువు. అమ్మ పోయిందని కబురొస్తే చేతిసంచీతో బస్సెక్కాను. హాస్టలు మెట్లు దిగుతుంటే ఎవరూ లేరు, పిల్లలంతా క్లాసుల్లో ఉన్నారు. నా వెనక ఒక్క చుక్క నీళ్ళు పోసినవాళ్ళు లేరు. ఇంటికొచ్చేసరికి నువ్వు పొయ్యి పక్కన కూర్చుని అమ్మ చెప్పు పట్టుకుని ఉన్నావు. ఇంక షిరాజ్ వెళ్ళలేదు. నిన్ను పెంచినందుకు బాధ లేదు. కానీ అక్కడి నారింజ పూల వాసన ఎవరైనా మాటల్లో తెస్తే ఇప్పటికీ లేచి అవతలికి పోతాను.

ఈ గతి నీకు పట్టకూడదు. నువ్వు రా, నిన్ను కళ్ళారా చూడాలి. పుచ్చకాయలు అయిపోయేదాకా ఉండు, దానిమ్మలు కోసే వేళకి మీ మేడం దగ్గరికి వెళ్ళు. బడి సంగతి నేను చూసుకుంటాను. మాటిచ్చిన నోటితోనే తప్పూ ఒప్పుకుంటాను.

అంబూతాయిగారికి నా దణ్ణాలు చెప్పు. చెంబు దింపమను. నిండా పొయ్యమను.

నీ అక్క


బొంబాయి
జూన్

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం నేను పుణె వదిలాక చేరింది. అంబూతాయి చిరునామా కొట్టేసి ఇక్కడికి పంపింది. రేపు ఓడ. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుందో, నేనే ముందు చేరి నీకు చదివి పెడతానో తెలీదు. అయినా రాయకుండా ఉండలేను.

నీ పాత మాటే నిలబెట్టాం. బయల్దేరే రోజు అంబూతాయి చెంబుని లోపల పెట్టి వంటింటికి గొళ్ళెం పెట్టింది, చెయ్యి ఊరుకోదేమోనని. గడప దగ్గర నా అరచేతిలో చెంచాడు పెరుగు వేసి, "ఇది నీళ్ళు కాదుగా, తిను" అంది. తిన్నాక అడిగాను ఎందుకని. "మా ఇళ్ళల్లో దూరం వెళ్ళేవాళ్ళకి పెడతాం, క్షేమంగా తిరిగి రావాలని" అంది. అప్పటికే మింగేశాను.

రిక్షా కదిలింది. వీధి మలుపు ఇంకా తిరగలేదు, నెత్తి మీద టపటపమని పడింది మొదటి వాన. అంతలోనే కుండపోత. వెనక్కి తిరిగి చూశాను. ఆ వానలో వీధి మధ్యకి వచ్చి నిలబడింది మహాతల్లి. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపిస్తూ అరుస్తోంది.

"నేను కాదు! నేను పొయ్యలేదు! మీ అక్కకి రాయి!"

నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. స్టేషను దాకా ఆ వాన నా వెనకే వచ్చింది. మాట తప్పినట్టు నీతో ఎలా చెప్పాలా అని బొంబాయి దాకా దిగులుపడ్డాను. ఇక్కడికొస్తే నీ ఉత్తరం. మేడంకి వస్తున్నానని వెంటనే రాసేశాను.

దానిమ్మలు కోసే వేళకి వెళ్తాను. ఓడరేవుకి దారి షిరాజ్ మీదుగానే కదా, నువ్వు తోడు రావాలి. అలా అయితేనే వెళ్తాను. ఆ హాస్టలు మెట్లు ఎక్కుదాం. దిగేటప్పుడు నువ్వు ముందు దిగు, వెనక్కి చూడకు. నీ వెనక నీళ్ళు నేను పోస్తాను.

నువ్వు పెంచిన
ఫరీ