మగ్గం వెనక మనిషి

బంగారుపాళ్యం

అక్కకు, తమ్ముడు మురళి దండాలు. నువ్వు, అమ్మ, నాయన కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలినొప్పి ఎట్లుందో రాయి. నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను.

పల్ప్ ఫ్యాక్టరీలో సీజన్ జోరుగా ఉంది. రోజంతా మామిడికాయలు కడిగేచోట నిలబడతాను. తినే అన్నం కూడా అదే వాసన. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం చెనక్కాయల పొడి పంపు. గదిలో ఉన్న ఇద్దరూ ఒడియావాళ్లు. మంచివాళ్లే, కానీ వాళ్ల మాట నాకు రాదు. ఆదివారమంతా ఒక్క మాటైనా మాట్లాడకుండానే గడిచిపోతుంది. బస్సెక్కితే సాయంత్రానికి మన నగరిలో ఉంటాను. ఏ మొహం పెట్టుకుని ఎక్కేది?

పత్రికలో పడిన నీ కథ నాలుగుసార్లు చదివాను. నిజం చెప్పమన్నావు కదా, విను. తండ్రి పాత్ర బ్రహ్మాండం. మగ్గం చప్పుడు మూడుచోట్ల పెట్టావు. మూడుచోట్లా ఆయన నోటితో చెప్పలేనిదేదో ఉంది. తల్లి మజ్జిగ గ్లాసుతో వాకిట్లోనే ఆగిపోవడం కూడా బాగుంది. కానీ ఆమెను మరీ నోరులేనిదాన్ని చేసేశావు అక్కా! మన అమ్మ వింటే పగలబడి నవ్వుతుంది.

ఒక్క తప్పుంది. కొత్త పడుగు వేసినప్పుడు తండ్రి ఒక్కడే కూర్చుని పోగులన్నీ దువ్వెనలాంటి ఆ అచ్చులోకి ఎక్కించాడని రాశావు. ఎట్లా ఎక్కిస్తాడక్కా? వెనక కూర్చుని ఒక్కొక్క పోగూ అందించే మనిషి ఉండాలి కదా. పదేళ్లు అక్కడ కూర్చున్నది నేనే. నీ కథలో ఆ ఇంటికి కొడుకే లేడు. చదివి ఏడ్చాను, దాచేదేముంది. మగ్గం నాకొద్దని నేనే అన్నాను. "అట్లయితే ఈ గడప తొక్కొద్దు" అని నాయన అన్నాడు. ఏడు నెలలైంది, ఫోన్లో కూడా నాతో మాట్లాడలేదు. అందుకని నువ్వు కూడా నన్ను తీసేశావా?

నిన్న ఫోన్లో ఇదే అడిగాను. నువ్వేమో, "నాయనకు చదివి వినిపించినాను రా. అంతా విని, 'ఒక్కడే ఎట్ల ఎక్కిస్తాడు పాపా? వెనకాల వాడు యాడ?' అనినాడు. లేసి పోయినాడు" అన్నావు. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

అమ్మ కాళ్లకు మొక్కానని చెప్పు, దీవించమను. నాయనకు చెప్పాలో వద్దో నువ్వే చూడు.

అక్కా, నువ్వు కథలు అల్లేదానివి, అందుకని అడుగుతున్నాను. నాయన నిజంగా ఆ మాట అనుంటే ఒక్క ముక్క రాయి, ఆ రోజే బస్సెక్కుతాను. నా మనసు కుదుటపడాలని నువ్వే అల్లి ఉంటే మాత్రం ఏమీ రాయొద్దు.

ఇట్లు,
నీ తమ్ముడు
మురళి