అంటు కింద కోత

సులైబియా

ప్రియమైన చిన్నన్నయ్యకి,

ఫోన్లో చెబితే నీ నవ్వు వినాల్సి వస్తుందని రాస్తున్నాను. ఒక చెట్టును చెడగొట్టాను.

మా నర్సరీకి పాత కస్టమర్ ఉమ్ నాసిర్ అనే పెద్దావిడ ఇంట్లో వాళ్ళమ్మ వేసిన అంటురేగు ఉంది. ముసలిదై కాపు తగ్గింది. మొద్దు మిగిలేలా నరికితే కొత్త చిగుళ్ళేసి మళ్ళీ కాస్తుందని నేనే ధైర్యం చెప్పాను. మన కడియంలో అంటు జానెడు ఎత్తులో కడతాం కదా, నడుము ఎత్తున కోయిస్తే భయం లేదనుకున్నాను. ఈ చెట్టుకు ఛాతీ ఎత్తున కట్టారు. నేను చూసుకోలేదు. మంచి రకమంతా కోసిన భాగంతో పోయింది. ఇప్పుడు మొద్దు నిండా వచ్చినవి అడుగున ఉన్న అడవిరేగు చిగుళ్ళు.

ఆవిడకు తెలియదు. నిన్న నా చెయ్యి పట్టుకుని, మా అమ్మను మళ్ళీ నిలబెట్టావు అంది. ఖర్జూరాలు పెడితే తిన్నాను అన్నయ్యా. ఆ ఇంట్లో పనిచేస్తూ ఆవిడను మామా అని పిలిచే శాంతమ్మ గేటు దాకా వచ్చి, "కాయలెప్పుడొస్తాయండీ? మామా ఇప్పట్నుంచే అందరికీ పంచుతానని చెప్పేస్తందండీ" అంది.

చెబితే ఉద్యోగం ఉంటుందో లేదో, ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కఫీల్ చేతిలో, అంటే మా యజమాని చేతిలో ఉంది. చెప్పకపోతే పుల్లకాయలు వచ్చేనాటికి నేను ఇంకెక్కడికో మారిపోవచ్చు. ఈ ఆలోచన నాకు వచ్చింది చూడు, కోసినదానికన్నా దానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నీ చెల్లి
దుర్గ

సులైబియా

చిన్నన్నయ్యా,

నీ జవాబు కోసం ఆగలేదు. నువ్వు చెప్పొద్దంటావేమోనని, అంటే నేను సంతోషిస్తానేమోనని భయమేసింది. చెప్పేశాను.

ఆవిడ వెళ్ళి ఆ మొద్దు మీది చిగుళ్ళు తడిమి చూసింది. పాత రకం కొమ్మ దొరికితే ఈ చిగుళ్ళకే కన్ను అంటు కట్టొచ్చన్నాను. వాళ్ళమ్మ చెట్టు నుంచి కట్టిన ఇంకో చెట్టు అక్కగారింట్లో ఉందట. అమ్మ పోయి ఇల్లు పంచుకున్నప్పటి నుంచి అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు.

కారులో అక్కగారింటికి తీసుకెళ్ళింది గానీ తను దిగలేదు, నన్ను పంపింది. అక్కగారు అంతా విని, "కొమ్మ కావాలంటే దాన్నే వచ్చి అడగమను" అంది. ఆ మాట మోసుకొచ్చాను. ఆవిడ కారు అద్దం దించి విని, మళ్ళీ ఎక్కించేసింది. ఖలాస్ అనుకున్నాను. కాసేపటికి కారు తలుపు తెరుచుకుని ఆవిడ దిగింది.

చెట్టు కింద ఇద్దరూ పలకరించుకోలేదు. చెల్లెలు నావైపు చెయ్యి చూపించి, "అమ్మ చెట్టును నరికింది ఇదే" అంది.

"కళ్ళెక్కడ పెట్టుకుందట?"

"చెట్ల పని చదువుకుందట."

"ఎవరు చెప్పారు?"

"అదే చెప్పుకుంది."

ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. నేను తలెత్తకుండా కొమ్మలు కోసి తడిగోనెలో చుట్టుకున్నాను. మధ్యలో అక్కగారు ఆగి, ఎండలో ఎందుకు, లోపలికి రా అని చెల్లెల్ని పిలిచింది.

నన్ను పిలవలేదు. కొమ్మలు వాడిపోకుండా గోనె మీద నీళ్ళు చల్లుకుంటూ, ఆవిడ బయటికి వచ్చేదాకా కారు నీడలో కూర్చున్నాను. ఆవిడ చాలాసేపటిదాకా రాలేదు.

దుర్గ