ఏనుగు రాయి స్టాపు

నాన్నా,

యూనివర్సిటీలో అప్లికేషన్ ఇచ్చేశాను. ఈరోజే ఆఖరు తేదీ. నీ మాట పట్టుకుని ఆ గడువు కాస్తా దాటించేసేదాన్నే!

పోయిన వేసవిలో దారి చూపిస్తూ ఏం చెప్పావు? "కండక్టరు కేకలు నమ్మకు, నీ కళ్లు నమ్ముకో. మాదాపూర్ దాటాక ఏనుగులాంటి బండరాయి వస్తుంది. అక్కడ దిగు." నేను కిటికీకి అతుక్కుని ఏనుగు కోసం చూస్తూనే ఉన్నాను. బస్సు ఖాళీ అయ్యాక కండక్టరు నన్ను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏనుగు రాయి, ఏనుగు రాయి అని ఎంత ఒర్రిన్నమ్మా! ఇంకా రాయి యాడిది? బిల్డింగుల కోసం పగలగొట్టి ఆర్నెల్లాయె. ఇగ జర జల్దీ ఎనక్కి నడువు."

చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. కౌంటరు మూయబోతున్న గుమాస్తా నన్ను చూసి ఆగాడు. "ముందు ఊపిరి పీల్చుకోమ్మా" అన్నాడు. ఫారం తిరగేసి, తండ్రి సంతకం ఏదన్నాడు. చెప్పాను. నీ పేరు ముందు 'కీ.శే.' అని రాయించాడు.

తిరిగి రావడానికి మన స్టాపులోనే నిలబడ్డాను. బస్సు ఆగుతుండగా లోపల కండక్టరు "ఏనుగు రాయి! ఏనుగు రాయి!" అని గొంతు చించుకున్నాడు.

రాయి లేదు నాన్నా. అయినా నలుగురు దిగారు.